తుంగ చదువు

మొదటి రోజు

పండక్కి అందుకోవాలనే టికెట్ కొన్నాను. ఒక విమానం ఆలస్యమై, దాంతో రెండోది తప్పిపోయి, చివరికి చెన్నైలో దిగేసరికి కనుమ కూడా వెళ్ళిపోయింది. ఫోన్లో అమ్మ మొదటి మాటే "అరిసెలు గట్టిపడిపోయినాయి" అని. ఫిన్లాండ్‌లోని ఔలులో బయల్దేరినప్పుడు మైనస్ ఇరవై. నెల్లూరు స్టేషన్లో నాన్న తలకి మఫ్లర్ చుట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "చలిగా ఉండాదమ్మా, చెవులకి ఏదన్నా కట్టుకో" అన్నాడు.

బుచ్చిరెడ్డిపాలెం దాకా ఆటో. ముంబై రోడ్డెక్కాక నాన్న మూడేళ్ళుగా దాచుకున్న ప్రశ్న బయటికి తీశాడు.

"ఊళ్ళో అడగతా ఉండారు, మీ పాప ఏం చదవతా ఉండాదని. ఏం చెప్పేది?"

"ఫిన్లాండ్‌లో పరిశోధన అని చెప్పు."

"దేని మీద అంటారు గదా."

"తుంగ మీద."

ఆటో డ్రైవర్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తుంగ కోసరం అంత దూరం పొయ్యినావా? ఈడ చేలో పీకలేక చస్తా ఉండాం గదా" అన్నాడు.

నేను చూసే తుంగ వేరని, అది చల్లటి దేశాల బురదల్లోనే పెరుగుతుందని ఏదో చెప్పబోయాను. ఆటో చప్పుడులో సగం గాలికి పోయింది. రాత్రి చేపల పులుసు తింటూ ఒప్పందానికి వచ్చాం. నాన్న తనకి తెలిసిన తుంగలన్నీ నాకు చూపించాలి. నా తుంగ ఏమిటో నేను నాన్నకి అర్థమయ్యేలా చెప్పాలి. చేతిలో ఉన్నది వారం రోజులు.

రెండో రోజు

మా చేను కనిగిరి రిజర్వాయరు కింద. (దూరంగా ఉన్న కనిగిరి ఊరికీ దీనికీ సంబంధం లేదు. ఈ రెండు పేర్ల గందరగోళంలో మా చుట్టాల్లో ఒకాయన ఒకసారి పెళ్ళిచూపులకని పొద్దున్నే బయల్దేరి అటు వెళ్ళిపోయాడు.) పెన్న మీద సంగం దగ్గర ఆపిన నీళ్ళు కాలవలో రిజర్వాయరుకి వస్తాయి, అక్కణ్ణుంచి మాకు. డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందిగానీ, దాటే ముందు మా జిల్లాని ముంచే పోయింది. నాట్లు కుళ్ళిపోతే నాన్న మళ్ళీ నారు కొని నాటించాడు. అందుకే జనవరి మూడో వారమైనా ఇంకా కలుపు తీతలే.

పొద్దున ఏడుకే ఆరుగురు ఆడవాళ్ళు చేలో వంగి ఉన్నారు. నేను దిగి వాళ్ళ పక్కన నిలబడ్డాను. ఒక పెద్దమ్మ తుంగ మొక్క పీకి, నా వైపు విసిరి, "ఇదిగో నీ చదువు" అంది. ఆటో డ్రైవర్ ఊరంతా చెప్పేసినట్టున్నాడు.

ఆ కాడనే అందరికీ చూపించాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లిస్తే మూడు పలకలు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది, లోపల బోలు, మధ్యమధ్య కణుపులు. తుంగ కాడకి కణుపులు ఉండవు, లోపల బెండు నిండి ఉంటుంది. ఆకులు కూడా మూడు వరసల్లో వస్తాయి. తుంగ కుటుంబంలో సుమారు 5,500 జాతులున్నాయి, పలక కాడ వాటిలో ఎక్కువ వాటికి ఉమ్మడి గుర్తు. పెద్దమ్మ ఊద గడ్డి మొక్కనీ తుంగ మొక్కనీ పక్కపక్కన దొర్లించి చూసి, "నలబై ఏండ్లు పీకినా, ఇది ఎప్పుడూ చూడలా" అంది. ఆ తర్వాత గంటసేపు ఎవరి చేతిలో ఏది ఉంటే అది దొర్లిస్తూ ఉన్నారు, పని కాస్త వెనకబడింది. నాన్న గట్టు మీద నుంచి దగ్గాడు.

నా తుంగ సంగతి ఇది. శాస్త్రం పేరు కేరెక్స్ రోస్ట్రాటా. కేరెక్స్ అన్న ఒక్క ప్రజాతిలోనే దాదాపు 2,000 జాతులు. అవి ఎక్కువగా చల్లటి ప్రాంతాలవి, ఉష్ణదేశాల్లో అయితే కొండలెక్కి కూచుంటాయి. ఫిన్లాండ్‌లో దీన్ని పుల్లోసరా అంటారు. పుల్లో అంటే సీసా, సరా అంటే ఈ రకం తుంగ. గింజ చుట్టూ ఉబ్బిన చిన్న సంచీ, దాని కొస ఒక్కసారిగా సన్నబడి సీసా మెడలా ఉంటుంది. సంచీలో గాలి ఉంటుంది కాబట్టి గింజ నీళ్ళ మీద తేలుతూ కొత్త ఒడ్డుకి చేరుతుంది. మన తుంగకి ఈ సంచీ లేదు, గింజ పొట్టు మాటునే ఉంటుంది. ఫోన్లో ఫొటో చూపిస్తే నాన్న, "కంకి సీసాలు కడిగే బ్రష్షు మాదిరి ఉండాది" అన్నాడు. నిజంగానే అలాగే ఉంటుంది. అయితే పలకల విషయంలో నా తుంగ నా పరువు తీసింది. దాని కాడ మొద్దుగా, కింది భాగంలో ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. ఉదాహరణకి పనికొచ్చింది నాన్న తుంగే.

పదకొండింటికి చద్దన్నాలు తినేటప్పుడు నాన్న అసలు సంగతి అడిగాడు. "అయితే ఆడ నువ్వు చేసే పనేంది? దాన్ని పీకతావా?"

పీకను, దాని మీద పెట్టె బోర్లిస్తాను. పారదర్శకమైన పెట్టె, అందులోంచి ఒక గొట్టం, గొట్టం చివర గాలిని కొలిచే యంత్రం. కాలు దిగబడకుండా వేసిన చెక్క బల్లల మీద కూచుని, లోపల మీథేన్ ఎంత పెరుగుతోందో చూస్తాను. జూన్, జులైల్లో దోమలు, రాత్రి పదకొండైనా ఎండ.

"కోళ్ళ మీద గంప బోర్లించినట్టా" అన్నాడు నాన్న. నేను ఇన్నాళ్ళు సెమినార్లలో ఇచ్చిన వివరణల కంటే ఇదే మేలు.

ఎందుకు కొలవాలో చెప్పడానికి మాత్రం వేరే దేశం అక్కర్లేకపోయింది. నీళ్ళు నిలిచిన బురదలో ఆక్సిజన్ ఉండదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు కుళ్ళిన ఆకుల్నీ వేర్లనీ తిని మీథేన్ వదులుతాయి. అది బుడగలుగా కొంత పైకి వస్తుంది. కానీ సీసా తుంగ ఉన్నచోట దానికి సులువైన దారి ఉంది. బురదలో ఊపిరాడని వేర్లకి పైనుంచి గాలి పంపడానికి ఆ మొక్క లోపల గాలి గొట్టాలు పెంచుకుంటుంది. గాలి దిగే ఆ గొట్టాల్లోనుంచే కింది మీథేన్ పైకి పోతుంది. పొయ్యికి పొగగొట్టం పెట్టినట్టు. వందేళ్ళ లెక్కలో కార్బన్ డై ఆక్సైడ్ కన్నా పాతిక రెట్లకి పైగా వేడి పట్టి ఉంచే వాయువు ఇది.

"వరి కూడా అంతే నాన్నా" అన్నాను. "నీ చేలో కూడా మీథేన్ ఎక్కువ భాగం వరి దుబ్బుల లోపలి నుంచే వస్తుంది."

నాన్న చేతిలో ముద్ద ఆగింది. చేను వైపు చూశాడు. "అంటే నువ్వు ఆడ కొలిచేది ఈడ కూడా ఉండాదా?"

ఉంది. ఇక్కడ ఇంకా గట్టిగా ఉంది. దానికి మందు కూడా ఉంది, ఆరుతడి. చేలో ఎప్పుడూ నీళ్ళు నిలపకుండా మధ్యమధ్య ఆరనిచ్చి, నేల నెర్రెలు పడకముందే మళ్ళీ పెట్టడం. నీళ్ళు ఆరినప్పుడు మట్టిలోకి ఆక్సిజన్ వెళ్తుంది, మీథేన్ చేసే జీవులు ఆగిపోతాయి. చాలాచోట్ల మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింది. నీళ్ళు కూడా మిగులుతాయి. ఇదంతా కాస్త ఉత్సాహంగానే చెప్పాను, సగం పేపర్లోని వాక్యాలే.

నాన్న చెయ్యి కడుక్కున్నాడు. "నీళ్ళు ఎందుకు నిలపెడతామనుకున్నావు? వరి తాగేదానికా? తుంగ లేవకుండా. నీళ్ళు ఆరబెడితే నీ మీథేన్ పోతుంది, నా చేలో తుంగ మొలుస్తుంది. ఆరుగురు ఆడోళ్ళకి బదులు పన్నెండు మందిని పిలవాల. కూలి ఎవరిస్తారు, మీ ఫిన్లాండోళ్ళా?"

నా దగ్గర జవాబు లేదు. నీళ్ళు నిలిపితే చాలా రకాల కలుపు గింజలు మొలవవు, అది నిజం. ఆరుతడి గురించి చదివిన ప్రతిచోటా కలుపు నివారణ జాగ్రత్తగా చూసుకోవాలి అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని నేను ఎప్పుడూ చదివి దాటేశాను.

సాయంత్రం గట్టు మీద ఇంకో తుంగ చూపించాడు. ఇది చేలోదాని అన్న, ముస్తల తుంగ. ప్రపంచంలోని పరమ మొండి కలుపుల జాబితాలో దీని పేరు ముందే ఉంటుంది. పైన పీకితే కాడ తెగి వస్తుంది, కింద గడ్డలు అలాగే ఉంటాయి. ఒక్కో గడ్డా మళ్ళీ మొలక. అమ్మ మాత్రం ఆ గడ్డల్ని ఎండబెట్టి దంచి సున్నిపిండిలో కలుపుతుంది. వేసవిలో వరికంటే ఇదెందుకు ముందు పరిగెడుతుందో నాన్నకి చెప్పాను. ఆకులో కార్బన్ డై ఆక్సైడ్ పట్టే ఎంజైమ్ ఒకటుంది, రుబిస్కో. ఎండ ముదిరితే అది పొరబడి ఆక్సిజన్ని పట్టుకుంటుంది, మొక్క కష్టం కొంత వృథా. ముస్తల తుంగ, జొన్న, చెరకు దీనికి ఉపాయం చేసుకున్నాయి. కార్బన్ డై ఆక్సైడ్‌ని ముందు వేరే కణాల్లో పట్టి, రుబిస్కో ఉన్న గదిలోకి మందలా తోలతాయి. అక్కడ పొరబడే వీలు తక్కువ. సీసా తుంగకి ఈ ఉపాయం లేదు, దాని ఊళ్ళో అవసరమూ లేదు. వరికీ లేదు.

"అయితే మన వరి, నీ తుంగ ఒక జట్టు, నా తుంగ ఇంకో జట్టా" అన్నాడు నాన్న. ఆయనకి ఇది నచ్చలేదు.

మూడో రోజు

మైపాడు. అమ్మ కూడా వచ్చింది, సముద్రం చూసి ఆరేళ్ళయిందట. నేను వెళ్ళింది ఇసుక తుంగ కోసం. ఒడ్డుకి ఎగువన పొడి ఇసుకలో జానెడు ఎత్తుండే మొక్కలు తాడు పట్టి నాటినట్టు తిన్నగా వరసలో ఉంటాయి. ఇసుక తవ్వితే కింద ఒకే వేరుకాండం, దాని మీదే అన్ని పిలకలూ. నాన్న చూసి "గొర్రుతో విత్తినట్టు ఉండాదే" అన్నాడు. బాల్టిక్, ఉత్తర సముద్రాల ఒడ్డున కేరెక్స్ అరేనారియా అని ఒకటి ఇదే పని చేస్తుంది, ఇలాగే వరసలు తీరి ఇసుకని కదలనివ్వదు. రెండూ దగ్గరి చుట్టాలు కావు. గాలికి ఎగిరే ఇసుకలో బతకాలంటే ఇదొక్కటే దారేమో.

రావణాసురుడి మీసాలు (ఇసుకలో పెరిగే ముళ్ళగడ్డి ఎండు కంకులు) ఒడ్డంతా దొర్లుతుంటే అమ్మ చిన్నపిల్లలా ఒకదాని వెంట పరిగెత్తింది. వేయించిన చేపలు తిన్నాం. నా మొహం కాలిపోయింది.

నాలుగో రోజు

ఇంట్లో అటక మీద అవ్వ చాప ఒకటుంది, తుంగ చాప. చివర్లు పోయాయి. అలాంటిది కొత్తది కొనాలని అమ్మ కోరిక. పెన్న అవతల ఒక ఊళ్ళో ఇంకా నేసేవాళ్ళున్నారని విని వెళ్ళాం. ఒక్కరే ఉన్నారు. డెబ్బై దాటిన అవ్వ, వరండాలో నేల మీద మగ్గం. కోడలు పక్కన కూచుని పుల్లలు అందిస్తోంది.

చాప తుంగ చేలోదానికంటే పొడుగు, నా భుజం దాకా వస్తుంది. పచ్చిగా కోసి, కత్తితో నిలువునా రెండుగానో మూడుగానో చీలుస్తారు. ఎండబెడతారు. ఎండితే కాడ లోపలికి ముడుచుకుని సన్నబడుతుంది. నేసే ముందు మళ్ళీ నానబెట్టాలి, లేకపోతే మడిచినచోట విరుగుతుంది. పడుగు నూలు దారం. ఒక్కో పుల్లా దూర్చి, పలకతో కొట్టి దగ్గరికి జరపడం. చేతులు చూడకుండానే నేస్తోంది, మాతో మాట్లాడుతూనే ఉంది.

"నువ్వేనా తుంగ చదివే పిల్ల" అంది. ఇక్కడికి కూడా వచ్చేసింది కబురు.

అక్కడి తుంగతో చాపలు నేస్తారా అని అడిగింది. చాపలు కాదు, బూట్లలో పెట్టుకుంటారని చెప్పాను. సీసా తుంగకి చెల్లెలు ఒకటుంది, కేరెక్స్ వెసికేరియా. ఫిన్లాండ్, స్వీడన్, నార్వేల ఉత్తర కొసన ఉండే సామీ ప్రజలు దాన్ని ఎండబెట్టి, మెత్తబడేదాకా కొట్టి, చుట్టలు చుట్టి దాచుకునేవాళ్ళు. చలికాలంలో రైన్‌డీర్ తోలు బూట్ల లోపల మేజోళ్ళకి బదులు దాన్నే పాదం చుట్టూ కూరుకునేవాళ్ళు. మొక్కలకి శాస్త్రం పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1732లో ఆ ప్రాంతమంతా తిరిగినప్పుడు ఈ సంగతి చూసి రాసుకున్నాడు. 1911లో దక్షిణ ధ్రువానికి బయల్దేరిన అముండ్‌సెన్, స్కాట్ బృందాల బూట్లలో కూడా ఉన్నది ఆ తుంగే. అది చెమటని పీల్చుకుంటుంది, రాత్రి దులిపి ఆరబెడితే తెల్లారికి మళ్ళీ పనికొస్తుంది.

"గుచ్చుకోదా?" అంది అవ్వ. ఆమెకి ధ్రువం సంగతి పట్టలేదు.

"కొడితే మెత్తబడుతుందట."

"ఎంతసేపు కొట్టాల?"

నాకు తెలియదు. అవ్వ ఒక పుల్ల తీసి, నోట్లో పెట్టి తడిపి, రాయి మీద చెక్కతో టపటపా కొట్టడం మొదలుపెట్టింది. పీచు విడింది. చేత్తో నలిపి చూసి, "ఇది నిలవదు, చాపకే మంచిది. వాళ్ళది ఆకు అయ్యుంటది, కాడ కాదు" అంది. అవును, ఆకే. నేను ఆ మాట చెప్పడం మర్చిపోయాను.

చాపకి ఆరు వందలు. బజార్లో ప్లాస్టిక్ చాప రెండు వందలకి వస్తుందని కోడలే చెప్పింది. వాళ్ళ కాలవ గట్టున తుంగ బాగా తగ్గి, ఆ జాగాలో గుర్రపుడెక్క పరుచుకుంది. ఇప్పుడు కోతకి చాలా దూరం పోవాలి. అమ్మ బేరం ఆడలేదు. మా అమ్మ బేరం ఆడకపోవడం నేను మొదటిసారి చూశాను.

ఐదో రోజు

పెదనాన్న కొడుకు కారు తీశాడు. ఆత్మకూరు, పామూరు, అసలు కనిగిరి, అక్కణ్ణుంచి కంభం. మా మేనత్త ఊరు. మధ్యలో టైరు పంక్చరై గంటన్నర పోయింది, చెప్పుకోదగ్గదేమీ లేదు. దారంతా కంది, మిరప. ఇటు నేల మా నేల కాదు.

కంభం చెరువు చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ. కొండల మధ్య ఇరుకు చోట గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసి, వెనకాల లోయంతా నీళ్ళు చేశారు. విజయనగర కాలం నాటిది. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని అక్కడ చెప్తారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంఘం దీన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. కట్ట మీద నడుస్తుంటే ఇది మనుషులు వేసిన కట్టో, కొండలు వాటంతటవే కలుసుకున్నాయో పోల్చుకోలేం.

ఒడ్డు దిగి చూశాను. తుంగ ఉంది, రెండు మూడు రకాలు, నీళ్ళు వెనక్కి తగ్గిన బురదలో. కొన్ని వందల ఏళ్ళుగా ఇక్కడ తుంగ మొలిచి, ఎండి, పడిపోతూనే ఉంటుంది కదా. మరి అదంతా ఏమైంది? ఒక కర్రతో బురద తవ్వాను. జానెడు కింద మామూలు మట్టే.

నా సువోలో (నేను పెట్టె బోర్లించే బురద నేలని ఫిన్లాండ్‌లో సువో అంటారు) కర్ర గుచ్చితే మట్టి తగలదు. రెండు మీటర్లు, మూడు మీటర్లు మెత్తగా దిగుతూనే ఉంటుంది. పాత తుంగ, పాత నాచు, కుళ్ళకుండా ఒకదాని మీద ఒకటి. దాన్నే పీట్ అంటారు. చలి, నీళ్ళు, ఆక్సిజన్ లేకపోవడం మూడూ కలిస్తే కుళ్ళడం చచ్చినట్టు నెమ్మదిస్తుంది. పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పేరుకుంటుంది. అంటే కంభం కట్ట కట్టిన నాటి తుంగ మా దగ్గర అర మీటరు లోతులో ఇంకా ఆకు ఆకుగానే దొరుకుతుంది. ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు 3 శాతమే, కానీ వాటిలో దాగిన కార్బన్ అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ. ఇక్కడ ప్రతి వేసవీ ఒడ్డు ఎండుతుంది, బురద నెర్రెలిస్తుంది, పడిన ఆకు మరుసటి వానకి ఉండదు.

"మంచిదే గదా" అన్నాడు నాన్న. "కుళ్ళితేనే ఎరువు. అందుకే పూడిక మట్టి చేలకి తోలుకునేది. మీవాళ్ళు ఆ పీటు ఏం చేసుకుంటారు?"

"చాలాకాలం తవ్వి వేడికీ కరెంటుకీ కాల్చారు. ఇప్పుడు తగ్గిస్తున్నారు. చెట్లు పెంచడానికని కాలవలు తవ్వి సగానికి పైగా సువోల్ని ఆరబెట్టేశారు కూడా."

"ఆరబెడితే మీథేన్ పోతుందన్నావే."

"మీథేన్ పోతుంది. కానీ ఆక్సిజన్ తగిలి, వేల ఏళ్ళ ఆకు ఇప్పుడు కుళ్ళడం మొదలుపెడుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది."

నాన్న కట్ట రాయి మీద కూచుని చాలాసేపు ఆలోచించాడు. "అయితే నీకు కూడా నా మాదిరే. ఒకటి ఆపితే ఇంకోటి మొలుస్తుంది."

మేనత్త ఇంట్లో రాగి సంకటి, నాటుకోడి. కొత్త తుంగ చాప మీదే పడుకున్నాను, కార్లోంచి తీసి. మేనత్త పరుపు వేస్తానంటే వినలేదు. అర్ధరాత్రి వీపు నొప్పి పుట్టి పరుపు మీదికి మారాను.

ఆరు, ఏడు

చుట్టాలు, బ్యాంకు, పాస్‌పోర్టు జిరాక్సులు. మలై కాజా నాలుగు కిలోలు.

తర్వాత

చాప చుట్ట విమానంలో చేతి సామానుగా తీసుకెళ్ళనిచ్చారు, నా కంటే ముందు దానికే సీటు దొరికింది. ఫిబ్రవరి రెండో వారంలో నాన్న నుంచి ఫోన్. నా కిటికీ బయట మంచు, అక్కడ కాలవ మోత వినిపిస్తోంది.

"మూల చెక్కలో ఇరవై సెంట్లు ఆరుతడి పెట్టినా" అన్నాడు. "ఎవురికీ చెప్పలా, మీ అమ్మకి కూడా."

"ఎలా ఉంది?"

"వరి బాగానే ఉండాది. తుంగ కూడా బాగానే ఉండాది."

ఎన్ని మొలిచాయని అడిగాను. నీళ్ళు నిలిపిన చెక్కలో ఒక చదరపు మీటరు, ఆరబెట్టిన చెక్కలో ఒక చదరపు మీటరు, తాడు కట్టి లెక్కపెట్టమన్నాను. వారానికొకసారి, అదే చోట.

కాసేపు కాలవ మోత ఒక్కటే.

"మీ యూనివర్సిటీలో నీకు నెలకి ఎంత ఇస్తారమ్మా?"

చెప్పాను.

"సరే," అన్నాడు, "తాడు యాడుందో మీ అమ్మని అడగతా."